తెలివి తగ్గడం, తెలివి తప్పడం

మధ్యాహ్నం రెండున్నర దాటాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ స్టడీ హాల్ మెట్లెక్కినా కనిపించేది ఒకటే. ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి చేసిన చిన్న చిన్న అరలు, అరకో కుర్చీ, కుర్చీకో అభ్యర్థి. ఎండ పడకుండా, రోడ్డు మీది హారన్లు వినపడకుండా కిటికీలు బిగించి ఏసీ వేస్తారు. గ్రూప్-1 పాలిటీ పుస్తకం తెరిచిపెట్టుకున్నవాళ్లలో కొందరి తలలు అప్పటికే పేజీ మీదికి వాలుతుంటాయి. నేరం మెస్‌లో తిన్న అన్నం మీదికి తోసెయ్యడం తేలిక. అందులో కొంత నిజం లేకపోలేదు. అన్నంతోపాటు గాలిని కూడా బోనెక్కించాలి.

లెక్క వేసి చూద్దాం. ఇరవై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది అనుకోండి. అందులో పట్టే గాలి మూడు వేల ఘనపుటడుగులు, అంటే సుమారు 85,000 లీటర్లు. ముప్పై మంది కూర్చున్నారు. కదలకుండా చదువుకునే మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ముప్పై మందికి 540 లీటర్లు. బయటి గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకు దాదాపు 420 పాళ్ల చొప్పున ఉంటుంది. గది నిజంగా గాలి చొరబడనంత గట్టిగా మూసి ఉంటే పావుగంటకే అది 2,000 తాకుతుంది, గంటకల్లా 6,700 దాటుతుంది. అసలు గదుల్లో తలుపు సందులుంటాయి, టీ కోసం లేచి వెళ్లి వచ్చేవాళ్లుంటారు, కాబట్టి అంత దూరం పోదు. అయినా రెండు వేలు, రెండున్నర వేలు అసాధ్యమేమీ కాదు. గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పి తిప్పి మన ముఖాన కొడుతుంది.

ఇలాంటి గదిలోంచి బయటికొచ్చినవాళ్లు అనే మాట ఒకటుంది: లోపల ఆక్సిజన్ అయిపోయింది, అందుకే తల బరువెక్కింది అని. అదే లెక్క ఆక్సిజన్‌కీ వేయండి. ముప్పై మంది కలిసి గంటలో వాడుకునేది సుమారు 640 లీటర్లు. గాలిలో 20.9 శాతం ఉన్నది 20.2కి దిగుతుంది. అంటే ఉన్నదాంట్లో నాలుగో వంతు కాదు, పదో వంతు కాదు, నాలుగు శాతంలోపు తగ్గింది. మచిలీపట్నం నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో దిగిన కుర్రాడికి అంతకన్నా ఎక్కువ ఆక్సిజన్ తగ్గడం బస్సు దిగేసరికే జరిగిపోయింది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు. ఇక్కడి గాలి పీడనం తీరంలో కన్నా ఆరు శాతం దాకా తక్కువ. మచిలీపట్నం వాళ్లు హైదరాబాద్ వచ్చినంత మాత్రాన మందమతులైపోలేదు కదా.

కాబట్టి అనుమానించాల్సింది తగ్గినదాన్ని కాదు, పోగైనదాన్ని.

2012లో ఉషా సతీశ్ అనే పరిశోధకురాలు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల శాస్త్రవేత్తలు కలిసి ఒక ప్రయోగం చేశారు. 22 మందిని ఒక గదిలో రెండున్నర గంటల చొప్పున మూడుసార్లు కూర్చోబెట్టారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఒకసారి 600 పాళ్లు, ఒకసారి 1,000, ఒకసారి 2,500. ఎప్పుడు ఎంత ఉందో కూర్చున్నవాళ్లకు చెప్పలేదు. చిక్కు పరిస్థితుల్లో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో చూసే పరీక్ష పెట్టి తొమ్మిది అంశాల్లో మార్కులు వేశారు. వెయ్యి పాళ్లకే ఆరు అంశాల్లో మార్కులు తగ్గాయి, 2,500 దగ్గర ఏడింటిలో బాగా పడిపోయాయి. ఈ ఫలితం అచ్చయ్యాక ఆఫీసులు, బడులు కట్టేవాళ్లు ఉలిక్కిపడ్డారు. అయితే 2018లో అమెరికా జలాంతర్గాముల సిబ్బంది మీద అలాంటి పరీక్షే పెడితే 15,000 పాళ్ల దగ్గర కూడా తేడా కనపడలేదు. రెండింటికీ మధ్య తీర్పు ఇంకా నలుగుతూనే ఉంది. జలాంతర్గామిలో పనిచేసేవాళ్లు ఆ గాలికి అలవాటు పడ్డవాళ్లు, ఏరికోరి తీసుకున్నవాళ్లు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు అలాంటివాళ్లు కారు. మూసిన గదిలో ఈ వాయువు ఒక్కటే పెరగదు. వేడి, చెమట తేమ, ఒంటి వాసనలు దాంతోపాటే పెరుగుతాయి. తలనొప్పికి వాటిలో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం గానీ, అన్నిటికీ మందు ఒకటే, కిటికీ తెరవడం.

ఇక్కడ అసలు కావలసిన ప్రశ్న మరోటి. ప్రాణాధారమైన ఆక్సిజన్‌ని వదిలిపెట్టి, వదిలేయాల్సిన వ్యర్థ వాయువు చుట్టూ మన శరీరం ఎందుకింత హడావిడి చేస్తుంది?

మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట, మెదడు కాండం ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఆమ్లత్వం పెరుగుతుంది. ఆ మార్పును అక్కడి కణాలు క్షణాల్లో పసిగట్టి ఊపిరిని వేగం చేస్తాయి. ఆక్సిజన్‌ని కనిపెట్టేవి మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చీలే చోట ఉన్నాయి. అవి బద్ధకస్తులు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా గట్టిగా గంట కొట్టవు. సిలిండర్‌లో గ్యాస్ ఎంత మిగిలిందో మన ముక్కుకి తెలియదు, పొయ్యి మీద అన్నం మాడితే మాత్రం పక్కింటికి కూడా తెలుస్తుంది. శరీరం ఏర్పాటు కూడా అలాంటిదే. ఊపిరి బిగపట్టినప్పుడు లోపల్నుంచి తోసుకొచ్చే ఆ తహతహ ఆక్సిజన్ కోసం కాదు, ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పంపడం కోసం.

దీనికి కళ్లారా చూసిన రుజువు అశోక్‌నగర్‌కి బాగా దగ్గరిది. ఒకప్పటి ముషీరాబాద్ జైలు స్థలంలో కట్టిన గాంధీ ఆసుపత్రి 2020లో తెలంగాణకంతటికీ ప్రధాన కోవిడ్ ఆసుపత్రి. ఆ ఏడాది ప్రపంచమంతటా డాక్టర్లు తమ కళ్లను తామే నమ్మలేకపోయిన సంగతి ఒకటుంది. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 95కి పైన చూపించాల్సింది 80, ఒక్కోసారి ఇంకా తక్కువ చూపిస్తుంది. రోగి మాత్రం మంచం మీద కూర్చుని ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడుతుంటాడు, ఆయాసమే లేదంటాడు. దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోంచి కూడా కార్బన్ డయాక్సైడ్ సులువుగా బయటికి పోతుంది, ఆక్సిజన్‌కి లోపలికి రావడమే కష్టం. వ్యర్థం పేరుకోలేదు కాబట్టి మెదడు కాండానికి ప్రమాదం జరుగుతున్నట్టే తెలియలేదు. ఇంటింటికీ ఆక్సీమీటర్ కొనుక్కోమని చెప్పింది అందుకే. ఒంటికి తెలియని సంగతిని వేలికి తగిలించిన ఎర్ర దీపం చెప్పాల్సి వచ్చింది.

తెలివి విషయంలో ఈ మౌనం ఇంకా మోసకారి. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో ముగ్గురు జెనిత్ అనే బెలూన్ ఎక్కి ఎనిమిది వేల మీటర్ల పైకి వెళ్లారు. సంచుల్లో ఆక్సిజన్ వెంట ఉంది, పీల్చే గొట్టాలూ ఉన్నాయి. గాలి పలచబడ్డకొద్దీ వాళ్లకి భయం వేయలేదు. బతికి బయటపడ్డ గాస్తోన్ తిసాందియే తర్వాత రాసినదాన్ని బట్టి, ఏదో హాయిగా, ఆనందంగా ఉన్నట్టనిపించింది. గొట్టం అందుకుందామని అనుకునేసరికి చేతులు లేవలేదు. మిగతా ఇద్దరూ చనిపోయారు. వాళ్ల బుద్ధి మసకబారింది, మసకబారుతోందని చెప్పాల్సిన బుద్ధే మసకబారింది. ఈనాటికీ యుద్ధవిమానాల పైలట్లను గాలి తగ్గించిన గదిలో కూర్చోబెట్టి, తమ తెలివి ఎలా జారిపోతుందో వాళ్లకే చూపిస్తారు.

ఎదురుదిక్కు ఉదాహరణ 2013లో అచ్చయింది. అమెరికాలో ఎస్.ఎం. అనే పొడి అక్షరాలతో మాత్రమే పిలిచే ఒక స్త్రీకి అరుదైన జబ్బు వల్ల మెదడులో భయానికి కేంద్రమని పేరుపడ్డ అమిగ్డలా రెండువైపులా పాడైపోయింది. పాములు, సాలీళ్లు, భయానక సినిమాలు, కత్తి పెట్టి బెదిరించిన మనిషి, ఏదీ ఆమెను భయపెట్టలేకపోయింది. పరిశోధకులు ఆమె చేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్క గుక్క పీల్పించారు. ఆమె చేతులు ఆడిస్తూ మాస్కు లాగేసుకోబోయింది. తన జీవితంలో ఎరగని భయం అది. కంటికి, చెవికి దొరకని భయం రక్తంలోని రసాయనానికి దొరికింది. ఒంటి లోపలి కబురు మనసుకు చేరే దారి, బయటి లోకం కబురు చేరే దారి వేర్వేరని ఇంత నిక్కచ్చిగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఊపిరికీ స్పృహకీ లంకె గురించి ప్రపంచ వైద్యులు హోరాహోరీగా వాదించుకున్న ఊరు హైదరాబాదే. నారాయణగూడ నుంచి కోఠి దాటితే వచ్చే అఫ్జల్‌గంజ్‌లో ఆ కథ జరిగింది.

1847లో ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్‌ని మత్తుమందుగా వాడటం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో కాలి గోరు తీయించుకోవడానికి సిద్ధపడ్డ పదిహేనేళ్ల హన్నా గ్రీనర్ మత్తు ఇచ్చిన నిమిషాల్లోనే చనిపోయింది. అప్పటి నుంచి వైద్యులు రెండు ముఠాలయ్యారు. లండన్ వాళ్లు గుండె ఆగి చస్తున్నారన్నారు, నాడి పట్టుకుని చూడమన్నారు. ఎడిన్‌బరో వాళ్లు ఊపిరి ఆగాకే గుండె ఆగుతుందన్నారు, ఛాతీ మీద కన్నేసి ఉంచమన్నారు. ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు, హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కి పెద్ద అయ్యాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేలమందికి క్లోరోఫామ్ ఇప్పించాడు. తన గురువుల మాటే వేదమని నమ్మినవాడు, మొండివాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేత డబ్బు పెట్టించి 1888లో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ వేయించాడు. కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతుందని కమిషన్ తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మేం భరిస్తామని నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. గుండె ముఠాకి చెందిన లాడర్ బ్రంటన్ 1889లో ఓడెక్కి ఇక్కడికి వచ్చాడు. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. చివరికి బ్రంటన్ కూడా తన మాట వెనక్కి తీసుకుని లారీ పక్షాన చేరాడు.

ఆ రోజుల్లో క్లోరోఫామ్ ఇవ్వడంలో చేయి తిరిగినవాళ్లలో ఒకరు రూపాబాయి ఫర్దూన్జీ. 1885లో మెడికల్ స్కూల్ ఆడపిల్లలకు తలుపులు తెరిచినప్పుడు చేరిన కొద్దిమందిలో ఆ పార్శీ అమ్మాయి ఉంది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమె పేరు చెబుతారు. 1909లో పైచదువు కోసం ఎడిన్‌బరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి వచ్చింది. నిజాం పేరు, లారీ పేరు తెలిసిన హైదరాబాదీలు కూడా ఈమె పేరు వినలేదంటారు. పాఠ్యపుస్తకంలో ఒక పేరా దక్కాల్సిన మనిషి.

కమిషన్ తీర్పు తప్పో ఒప్పో తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో గుట్టు బయటపడింది. క్లోరోఫామ్ మోతాదు మించితే ఊపిరే ముందు ఆగుతుంది, హైదరాబాద్ కమిషన్ చూసింది అదే. కానీ మత్తు ఇంకా పూర్తిగా ఎక్కక ముందు, తేలిక మత్తులో, రక్తంలోకి అడ్రినలిన్ ఎగదన్నితే గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుని ఒక్కసారిగా ఆగిపోతుంది. అడ్రినలిన్ ఎప్పుడు ఎగదన్నుతుంది? భయపడ్డప్పుడు. అఫ్జల్‌గంజ్‌లో కుక్కలకు నిండా మత్తెక్కించి చూశారు. కాలి గోరు తీయించుకోవడానికి సిద్ధపడ్డ అమ్మాయి భయంతో వణుకుతూ సగం మత్తులో ఉంది. అఫ్జల్‌గంజ్ లెక్కల్లో ఆ భయానికి చోటు లేదు. నిజాం డబ్బు వృథా కాలేదు గానీ, ఒకే రకం ప్రయోగం వందలసార్లు చేసినంత మాత్రాన సత్యం పూర్తిగా దొరకదని తెలియజెప్పిన కథ ఇది. లారీ చెప్పినదాంట్లో సగం మాత్రం ఇప్పటికీ ఆపరేషన్ థియేటర్లో బతికే ఉంది. మత్తు డాక్టరు ముందున్న తెర మీద ప్రతి ఊపిరికీ ఒక అల లేస్తుంది, అది రోగి వదిలే కార్బన్ డయాక్సైడ్ గీత. ఆ గీత చదునైతే గదిలో అందరి చేతులూ ఆగిపోతాయి.

ఊపిరి రసాయనం సంగతి సరే, దాని లయ మాటేమిటి? లోపలికి, బయటికి, నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు. రోజుకు పదిహేడు వేల నుంచి ఇరవై తొమ్మిది వేల దాకా. ఆ లయను పుట్టించే కణాల గుంపును 1991లో జాక్ ఫెల్డ్‌మన్ బృందం ఎలుకల మెదడు కాండంలో పట్టుకుంది. దానికి ప్రీ-బోట్‌జింగర్ కాంప్లెక్స్ అని పేరు. బోట్‌జింగర్ ఏ మహా శాస్త్రవేత్తో అనుకునేరు, అదొక జర్మన్ ద్రాక్షసారా పేరు. ఒక సదస్సు విందులో బల్ల మీద ఉన్న సీసా చూసి పెట్టేశారు. 2017లో ఇదే గుంపులో ఉన్న కొన్ని వేల కణాల్లో 175 కణాలను మాత్రం తీసేసి చూస్తే ఎలుకలు ఊపిరి మానలేదు, నెమ్మదించాయి. కొత్త చోట వదిలితే కంగారుగా అటూ ఇటూ మూచూస్తూ తిరగాల్సినవి, తీరుబడిగా కూర్చుని ఒళ్లు శుభ్రం చేసుకున్నాయి. ఆ 175 కణాలు ఊపిరి వేగాన్ని లోకస్ సెరులియస్ అనే చోటికి చేరవేస్తాయి. మొత్తం మెదడును మేలుకొలిపే, హెచ్చరించే కేంద్రం అది. ఊపిరి వేగం పెరిగితే మనసు ఉలిక్కిపడే దారి అది. ఊపిరి నెమ్మదిస్తే మనసు నిమ్మళించే దారి కూడా అదే. పెద్దవాళ్లు కోపంలో ఉన్నవాడితో కాస్త ఊపిరి తీసుకోమనడానికి కణాల స్థాయిలో దొరికిన ఆధారం.

ముక్కుకీ ఇందులో పాత్ర ఉంది. 1942లో ఎడ్గర్ ఏడ్రియన్ ముళ్లపంది లాంటి చిన్న జంతువు మెదడులో, వాసన గ్రహించే చోట, ప్రతి ఉచ్ఛ్వాసకీ విద్యుత్ అలలు లేవడం చూశాడు. 2016లో క్రిస్టీనా జెలానో బృందం మనుషుల్లోనూ చూసింది. మూర్ఛకు శస్త్రచికిత్స చేయబోయే ముందు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగుల్లో, ముక్కుతో గాలి పీల్చినప్పుడల్లా అమిగ్డలాలోనూ, జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లోనూ అలలు లయకు కట్టుబడ్డాయి. ఆరోగ్యవంతుల మీద పరీక్ష పెడితే, ఊపిరి లోపలికి తీసేటప్పుడు చూపిన భయపడ్డ ముఖాన్ని కొంచెం త్వరగా గుర్తుపట్టారు, అప్పుడు చూసిన బొమ్మలు కొంచెం మెరుగ్గా జ్ఞాపకమున్నాయి. నోటితో పీల్చితే ఆ లాభం పోయింది. కొంచెం అన్న మాట గమనించండి. ఈ వార్తను పట్టుకుని ముక్కుతో గాలి పీల్చి జ్ఞాపకశక్తి పెంచుకోండని తరగతులు నడిపేవాళ్లు ఆ మాటను మింగేస్తారు.

వాళ్లకు సమాధానంగా స్టీఫెన్ హాకింగ్‌ని చూపించవచ్చు. 1985లో న్యుమోనియా ముదిరినప్పుడు ఆయన గొంతులో రంధ్రం చేశారు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా గాలి ముక్కులోంచి కాకుండా మెడలోంచి పోయింది. 'కాలం కథ' పుస్తకం ఆ తర్వాతే, 1988లో వచ్చింది. మెడ ఎముక విరిగి వెంటిలేటర్ మీదే బతుకుతూ చదువులు చెప్పేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు కూడా ఉన్నారు. ఛాతీ కదలికలో తెలివి లేదు. తెలివి పనిచేయడానికి కావలసిన వాతావరణాన్ని మార్చే శక్తి మాత్రం ఊపిరికి ఉంది. తెలివిని పెంచడం కన్నా చెడగొట్టడం దానికి సులువు.

ఎంత సులువో ఈఈజీ గదిలో చూడొచ్చు. బడిలో ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తోందని టీచర్ ఫిర్యాదు చేసిన పిల్లని తల్లి తీసుకొచ్చింది అనుకుందాం. తలకు తీగలు అతికించి, మూడు నిమిషాలపాటు గట్టిగా, గబగబా గాలి ఊదమంటారు. కొన్ని చోట్ల చేతిలో కాగితపు గాలిమర పెడతారు. పిల్ల ఊదుతూ ఊదుతూ ఒక్కసారి ఆగిపోతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటాయి, పిలిస్తే పలకదు. తెర మీద సెకనుకు మూడు చొప్పున పెద్ద పెద్ద అలలు. పది సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెడుతుంది. ఆ పది సెకన్లు తను ఎక్కడికో వెళ్లొచ్చిందని ఆమెకే తెలియదు. ఎక్కువ ఊదితే కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు కుంచించుకుపోతాయి, మెదడులో దాగిన మూర్ఛ లక్షణం బయటపడుతుంది.

పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చూసి గబగబా ఆయాసపడే అభ్యర్థికి మూర్ఛ రాదు గానీ, మొదటి సగం కథ అదే. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, చదివినది గుర్తురాదు. గాలి చాలడం లేదనుకుని ఇంకా గట్టిగా పీలుస్తాడు. ఎంత ఎక్కువ పీలిస్తే మెదడుకు అంత తక్కువ రక్తం వెళ్తుంది. అప్పుడు చెప్పాల్సిన సలహా గట్టిగా ఊపిరి పీల్చమని కాదు, నెమ్మదిగా వదలమని.

నెమ్మదిగా అంటే ఎంత? 2001లో ఇటలీ డాక్టర్ లూసియానో బెర్నార్డి బృందం క్రైస్తవుల జపమాల ప్రార్థననూ, ఓం మణి పద్మే హుం మంత్రాన్నీ పక్కపక్కన పెట్టి కొలిచింది. రెండూ కూడా ఊపిరిని నిమిషానికి ఆరు సార్ల దగ్గరికి తెస్తున్నాయి. రక్తపోటులో సహజంగా పది సెకన్లకోసారి లేచే అలకు ఈ వేగం సరిగ్గా జోడవుతుంది, గుండె లయ సర్దుకుంటుంది. మీ మణికట్టు నాడి పట్టుకుని చూసుకోండి: గాలి లోపలికి తీసేటప్పుడు నాడి కాస్త వేగమవుతుంది, నెమ్మదిగా వదిలేటప్పుడు తగ్గుతుంది. వదలడం పొడవైతే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడిది పైచేయి అవుతుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో వేదికనెక్కే గాయకులకు ఇది చెప్పాల్సిన పని లేదు. చిన్న సందులో గాలి తీసుకుని పెద్ద సంగతి మీద వదలడమే వాళ్ల విద్య. ప్రాణాయామంలో నిదానంగా చేసేవి ఈ కోవలోవి. భస్త్రికలాంటి వేగమైనవి ఇందాకటి గాలిమర కోవలోవి. గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటి జోలికి పోకూడదు. ఏదైనా సరే, ప్రాణాయామంతో ఐక్యూ పెరుగుతుందన్న బోర్డు కనపడితే ఫీజు కట్టకండి. బెదురు తగ్గితే ఉన్న తెలివి పనికొస్తుంది. అంతకు మించి వాగ్దానం చేసేవాళ్లు అమ్ముతున్నది వేరే సరుకు.

స్పృహ పోవడానికి ఎంతసేపు పడుతుందన్నదాన్ని 1943లో అమెరికాలో ఖైదీల మెడకు ప్రత్యేకమైన పట్టీ బిగించి, మెదడుకు రక్తం ఆపి కొలిచారు. ఇప్పుడు ఏ నైతిక కమిటీ ఒప్పుకోని పని. సగటున ఏడు సెకన్లలోపే తెలివి తప్పింది. ఊపిరి మాత్రం నిమిషంపాటు బిగపట్టినా మనం ఆలోచించగలం, కూడికలు చేయగలం. ఊపిరితిత్తుల్లోనూ రక్తంలోనూ కాస్త ఆక్సిజన్ నిల్వ ఉంటుంది కాబట్టి ఊపిరికీ స్పృహకీ మధ్య అంత వ్యవధి ఉంది.

మరి ఊపిరే మరణానికి సాక్ష్యం చెప్పే సందర్భం? వెంటిలేటర్ వచ్చాక ఛాతీ కదలడం బతికున్నదానికి గుర్తు కాకుండా పోయింది. మెదడు కాండం చావును మరణంగా గుర్తిస్తూ 1994లో కేంద్రం అవయవ మార్పిడి చట్టం చేసింది, మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్ తన చట్టం తెచ్చుకుంది. మెదడు కాండం చనిపోయిందని తేల్చడానికి చేసే పరీక్షల్లో చివరిది ఊపిరి పరీక్ష. ముందు రోగికి నిండుగా ఆక్సిజన్ పట్టిస్తారు. వెంటిలేటర్ విప్పి, గొట్టంలోంచి ఆక్సిజన్ మాత్రం వదులుతూ, ఛాతీని పొట్టను కనురెప్ప వాల్చకుండా చూస్తారు. ఆక్సిజన్ తగ్గనివ్వరు, కార్బన్ డయాక్సైడ్‌ని మాత్రం పేరుకోనిస్తారు. స్టడీ హాల్లో పోగుపడినది, ఎస్.ఎం. చేత మాస్కు లాగించినది, ఆ వాయువే. రక్తంలో దాని పీడనం 60 మిల్లీమీటర్లు దాటినా ఒక్క ఊపిరి కదలకపోతే, శరీరానికి తెలిసిన అతి పాత పిలుపుకు బదులు చెప్పేవాళ్లు లోపల లేరని అర్థం. నలుగురు వైద్యుల బోర్డు ఈ పరీక్షను రెండుసార్లు, మధ్యలో కనీసం ఆరు గంటలు గడవనిచ్చి చేయాలి. రెండోసారి కూడా ఫలితం అదే వచ్చి, నలుగురూ సంతకం పెట్టాకే చట్టం దాన్ని మరణంగా ఒప్పుకుంటుంది.